పాటలో ఆవిడ ఏ బాపతు?

జూన్ 2

తమ్ముడూ,

మంగళవారం పొద్దున సంగతి నీకు రాయాలి. అన్ని పొద్దుల్లాంటిదే అది కూడా. ఐదింటికి లేచాను. ప్రార్థన చేసుకున్నాను. వీధి తలుపు ఓరగా తీసి, జిగురు గిన్నె సన్నని మంట మీద పెట్టాను. ముందురోజు ప్రెస్సులో బిగించిన ఎనిమిది పుస్తకాలూ తీసి వెన్నులు తడిమి చూశాను. ఆరు ఆరాయి, రెండింటికి ఇంకా తడి ఉంది. బల్ల దగ్గర కూర్చుని, దారానికి మైనం రాసి, కాలేజీ వాళ్ళ పుస్తకం కుట్టడం మొదలుపెట్టాను. కిటికీలోంచి వెలుతురు బల్లమీద సగం దాకా వచ్చింది. ఏడో ఫారం కాగితాలు కుడుతుండగా వెనక గదిలోంచి చెల్లి పాడుతున్నట్టు వినిపించింది.

అమ్మ పాట. కాగితాలు మడతపెడుతూ పాడేది, నీకు గుర్తుండే ఉంటుంది.

ఎవరొచ్చారని అడగనులే
ఎందుకొచ్చారని అడగనులే
గుమ్మంలో కుర్చీ వేశాను
కూర్చుని వెళితే చాలునులే

రెండు కంచాలు కడిగానులే
రెండూ బోర్లించి పెట్టానులే
ఒక్కదాన్నే ఉన్నానింట్లో
ఓపిగ్గా ఉన్నానులే

అమ్మ పాడింది ఈ రెండు చరణాలే. మంగళవారం మూడోది విన్నాను.

లోపల ఏదో అలికిడైతే
గాలేలే అనుకోండి
పేరడిగితే చెప్పనులే
పిలిచినా పలకదులే

“ఇదెక్కడ నేర్చావే?” అని గట్టిగా అడిగాను. అప్పుడే వీధి తలుపు తోసుకుని చెల్లి లోపలికి వచ్చింది, చేతిలో పాల సీసాతో. “ఎవరితో మాట్లాడుతున్నావక్కా?” అంది.

వెనక గదిలోకి వెళ్ళి చూశాను. కాగితం బేళ్ళు, దాని మంచం, మడతపెట్టిన దుప్పటి. అంతే.

నాకు భయం లేదు. దేవుణ్ణి నమ్మినవాళ్ళకి ఎందుకుంటుంది? కానీ పాటలో మాట్లాడే ఆ మనిషి ఎవరో తెలుసుకోవాలనిపించింది. ఉద్యోగానికి వచ్చినవాళ్ళు ఎలాంటివాళ్ళో ప్రశ్నలు వేసి చెప్తారు కదా మీ ఆఫీసులో. పాటలో మనిషికి అలా చెప్పగలవా? ఆవిడ ఎలాంటిదో తెలిస్తే, మళ్ళీ వినిపించినా నా పని నేను చేసుకోగలను.

మరదలికి నా ఆశీస్సులు.

అక్క


జూన్ 9

పెద్దక్కకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివా. మొదటిసారి నవ్వా, రెండోసారి మా ఆవిడకి చదివి వినిపించా, మూడోసారి నవ్వలేదు.

పదకొండేళ్ళ నుంచి మనుషుల్ని గళ్ళల్లో వేస్తున్నానుగానీ, పాటలో ఉన్నావిణ్ణి వెయ్యమన్నది నువ్వే మొదలు. ఇంతకీ ఆవిడకి ఉద్యోగం కావాలా, ఊరికే తెలుసుకుందామనా?

సరే, విను. మా దగ్గర రెండు పద్ధతులున్నాయి. ఒకటి పదహారు గళ్ళది. మనిషి లోపలికి చూస్తాడా బయటికా, కంటికి కనపడేది నమ్ముతాడా మనసుకి తట్టేదా, తలతో తేలుస్తాడా గుండెతోనా, ముందే తేల్చేసుకుంటాడా ఆఖరి దాకా ఆగుతాడా. ఇంకోటి తొమ్మిది బాపతులది. అది మనిషి దేనికి భయపడతాడో పట్టుకుంటుంది.

పాటలో ఆవిడ సంగతి చూద్దాం. ఎవరని అడగదు, కాబట్టి లోచూపు మనిషి. కుర్చీ, కంచాలు అంటోంది, కాబట్టి కంటికి కనపడేదే నమ్ముతుంది. ఎవరూ రాకముందే కుర్చీ వేసి పెట్టింది, ముందే తేల్చేసుకునే రకం. తలతోనా గుండెతోనా అన్న చోట నా బండి ఆగిపోయింది. బాపతుల్లో నాలుగోది అయ్యుంటుంది: దిగులు మనుషులు, రానివాళ్ళకోసం ఎదురుచూసేవాళ్ళు.

ఇది నా ఊహే. సరిగ్గా తేలాలంటే ప్రశ్నలకి జవాబులు కావాలి. రెండు పత్రాలు పంపిస్తున్నా. ఒక్కోదాంట్లో అరవై ప్రశ్నలు, అవుననో కాదనో టిక్కు పెట్టడమే. ఒకటి నీకు, ఒకటి చిన్నక్కకి. ఎవరికి వాళ్ళు, పాటలో ఆవిడే జవాబు చెప్తున్నట్టు పెట్టండి. ఒకరిది ఒకరు చూడకూడదు, చిన్నప్పటి లెక్కల పరీక్షలా చెయ్యద్దు.

ఇంకో మాట. జనవరిలో రాశాను చూడు, ఇక్కడి పెద్ద లైబ్రరీలో పాత పుస్తకాలు బాగుచేసే గదిలో ఒక చోటు ఖాళీ అని. ఇంకా ఖాళీగానే ఉంది. చిన్నక్కలా కుట్టేవాళ్ళు దొరకట్లేదట. నెలాఖరు దాకా ఆగుతామన్నారు. అప్పుడు వద్దంది నిజమే, మళ్ళీ ఒక్కసారి అడుగు. నలభై ఆరేళ్ళకి కొత్త ఊరు చూస్తే తప్పేం లేదు. మా ఇంట్లో గది కూడా ఉంది.

నీ తమ్ముడు


జూన్ 15

తమ్ముడూ,

పత్రాలు రెండూ నింపి ఇందులో పెట్టాను. ప్రశ్నలు బాగున్నాయి. కొన్ని దగ్గర చాలాసేపు ఆగాల్సి వచ్చింది.

లైబ్రరీ సంగతి. చెల్లికి ఇష్టం లేదు. దానికి జనం పడరు, కొత్త నీళ్ళు పడవు. ఇంక వాళ్ళని ఆగమనకు.

పాట మళ్ళీ వినిపించింది, మూడు పొద్దులు. ఎప్పుడూ చెల్లి పాలకి వెళ్ళిన వేళే. నేను లేవను, కుట్టుకుంటూనే ఉంటాను.

శుక్రవారం పక్కవీధి టీచరమ్మ తన ప్రార్థన పుస్తకం అట్ట ఊడిపోయిందని తెచ్చింది. గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుంది. “మీ చెల్లెలు ఈ మధ్య కనపడటం లేదు, ఒంట్లో బాగుందా?” అని అడిగింది. చెల్లి వెనక గదిలో అట్టలు కోస్తోంది. “ఊళ్ళో లేదండీ” అన్నాను. మాట తొందరగా తెగిపోతుంది కదా అని అన్నాను. నాకు పని ఉంది. ఆవిడ మాటలు మొదలుపెడితే పొద్దుపోతుంది. లోపల కత్తి బల్లకి తగిలిన చప్పుడైంది. ఆవిడ తల తిప్పి చూసింది. “గాలి” అన్నాను.

ఆవిడ వెళ్ళాక చెల్లి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కోసిన అట్టలు బల్లమీద పెట్టి లోపలికి వెళ్ళింది.

ఆ రోజు ఆకు కూడా కదల్లేదు. ఆ మాట నా నోట ఎందుకొచ్చిందో తెలియదు.

దగ్గు తగ్గిందా? తేనె వాడు.

అక్క


జూన్ 20

పెద్దక్కా,

కూర్చుని చదువు. కుట్టు పక్కన పెట్టు.

మీ పత్రాలు రెండూ ఆఫీసులో పక్కపక్కన పెట్టి చూశా. అరవైకి అరవై ఒక్కటే. పదకొండేళ్ళలో అన్నదమ్ముల్ని చూశా, మొగుడూ పెళ్ళాల్ని చూశా, కవలల్ని కూడా చూశా. నలభై ఎనిమిది దాటి కలవడం చూళ్ళేదు. జవాబులు కలిశాయంటే పోనీ అనుకుంటా. నలభై ఒకటో ప్రశ్న రెండిట్లోనూ ఖాళీ. “మీరు బయటికి వెళ్ళినప్పుడు మీ ఇంట్లోవాళ్ళు ఏం చేస్తుంటారో మీకు తెలుసా?” అన్నది. ఇద్దరూ సరిగ్గా అదే వదిలేశారు. పత్రాలు పట్టుకుని లేచి నిలబడ్డా. మా పక్క సీటాయన “ఏమయ్యా, దయ్యాన్ని చూశావా?” అన్నాడు. “ఇంకా పూర్తిగా చూళ్ళేదు” అన్నాను.

ఇంతకీ తేలింది విను. నా ఊహ తప్పు. ఆవిడ దిగులు మనిషి కాదు. పదహారు గళ్ళల్లో కావలివాళ్ళ గడిలో పడింది. తొమ్మిదిలో రెండో బాపతు: చేసిపెట్టేవాళ్ళు. అడక్కుండానే అన్నీ అమర్చేవాళ్ళు. అలాంటివాళ్ళు లేకపోతే ఏ ఇల్లూ నడవదు. వాళ్ళ భయం ఒక్కటే, తను ఎవరికీ అక్కర్లేకుండా పోతానేమోనని. ఆ భయం ముదిరితే, ఎదుటివాళ్ళకి కాళ్ళున్నాయన్న సంగతి మర్చిపోతారు అని మా పుస్తకంలో రాసుంది.

ఇదంతా మా ఆవిడకి చెప్తుంటే గిన్నెలు తోముతూ వింది. దానికి గళ్ళూ తెలీదు, బాపతులూ తెలీదు. ఒకటే అడిగింది. “ఒక్కదాన్నే ఉన్నానంటోంది కదా. మరి రెండో కంచంలో తిన్నదెవరు?”

చెయ్యి కడుక్కోకుండా అలాగే నిలబడిపోయింది. నేనూ నిలబడిపోయా.

ఎన్నేళ్ళు విన్నాం ఆ పాట! చుట్టం కోసం ఎదురుచూసే మంచావిడ అనుకున్నాం. వచ్చినవాళ్ళని గుమ్మం దాటనివ్వట్లేదక్కా ఆవిడ. లోపల ఇంకో మనిషి ఉంది. టీచరమ్మతో నువ్వు గాలి అన్నావని రాశావు చూడు, అది చదివాక మా ఆవిడ ఆ ఉత్తరం బల్లమీద బోర్లించి పెట్టింది.

చిన్నక్క తన పత్రం తనే నింపిందా? ఈ ఒక్కదానికీ జవాబు రాయి.

తమ్ముడు


జూన్ 24

తమ్ముడూ,

రెండూ నేనే నింపాను.

దాచే ఉద్దేశం లేదు, నువ్వు అడగలేదు. మన ఇంట్లో ఇది కొత్త కాదు. చెల్లి బడిలో చేరినప్పటి నుంచీ దాని దరఖాస్తులూ, ఆస్పత్రి కాగితాలూ అన్నీ నేనే నింపాను. “పెద్దది చెప్తే ఇద్దరూ చెప్పినట్టే” అని అమ్మ అనేది నీకూ తెలుసు. నువ్వు ఇంట్లోంచి తొందరగా వెళ్ళిపోయావు కాబట్టి నీ కాగితాలు నువ్వు నింపుకున్నావు.

మొదటిది నేనే ఆవిడనైతే ఏమంటానో అలా నింపాను. రెండోది చెల్లి ఆవిడైతే ఏమంటుందో ఆలోచించి నింపాను. రెండు రోజులు తేడా పెట్టాను కూడా. ఒక్కటే వచ్చాయన్నావు. చెల్లి మనసులోకి వెళ్ళాననుకున్నాను, నా మనసులోంచి బయటికే రాలేదన్నమాట. ఈ సంగతి నన్ను బాధపెట్టింది. నిన్న ప్రార్థనలో చాలాసేపు కూర్చున్నాను, మాటలు కుదరలేదు.

నలభై ఒకటి ఎందుకు వదిలానంటే, నేను బయటికి వెళ్ళను కదా. దాని పత్రంలో ఎందుకు వదిలానంటే, చెల్లి బయటికి వెళ్ళినప్పుడు ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. కుట్టుకుంటాను. దానికి అవునేమిటి, కాదేమిటి?

కంచాలు లెక్కపెట్టే తీరిక మరదలికి ఉన్నందుకు సంతోషం.

మొన్న బాబాయి వచ్చాడు. వినికిడి మరీ పోయింది, కాఫీ కావాలా అంటే “మీ పిన్ని బాగానే ఉంది” అన్నాడు. నేను కుడుతుంటే అరగంట నా ఎదురుగా కూర్చుని నన్నే చూస్తున్నాడు. వెళ్ళేటప్పుడు అన్నాడు, “మీ అమ్మ పాటలో ఇన్ని చరణాలున్నాయని నాకు తెలీదే అమ్మాయ్.”

మన అరుపే వినిపించని మనిషికి ఆ పాట ఎలా వినిపించింది? అడుగుదామనుకునే లోపల మెట్లు దిగిపోయాడు. కేకేశాను, వినిపించుకోలేదు.

అక్క


జూన్ 27

అక్కా,

నీకు కోపంగా రాద్దామని రెండు కాగితాలు చింపేశా. కోపం రావట్లేదు. భయమేస్తోంది.

జనవరిలో లైబ్రరీ గురించి చిన్నక్క పేరుమీద రాశాను. నీ దస్తూరీలో జవాబొచ్చింది, “చెల్లికి ఇష్టం లేదు” అని. ఇప్పుడు మళ్ళీ అదే మాట. ఆ ఉత్తరం దాని చేతికిచ్చావా? అసలు దానికి తెలుసా? ఇన్నాళ్ళూ నేను చిన్నక్క మొండిదనుకున్నా. ఉగ్గబట్టుకుని ఈ ఐదు నెలలూ ఉత్తరం ముక్క రాయలేదు దానికి, పలకట్లేదు కదా అని. అది నా గురించి ఏమనుకుందో!

నాకు సెలవివ్వట్లేదు. మా ఆవిణ్ణి పంపిస్తున్నా, శనివారం మధ్యాహ్నానికి వస్తుంది. దాని సంచీలో ఇంకో పత్రం ఉంటుంది. చిన్నక్క దాన్ని తన చేత్తో నింపాలి, పాటలో ఆవిడ గురించి కాదు, తన గురించి. లైబ్రరీ కాగితం కూడా ఉంటుంది. ఆదివారం గడువు. దాని మీద సంతకం పెట్టినా పెట్టకపోయినా అది చిన్నక్క ఇష్టం. నువ్వు ఆ గదిలో ఉండద్దు.

బాబాయి మాట గురించి రాశావు. బాబాయికి వినపడదు నిజమే. ఆయన చెవులతో కాదు, పెదాలు చూసి వింటాడు అక్కా. మనకి ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. నీ ఎదురుగా కూర్చున్నాడని నువ్వే రాశావు.

ఈ మాట ఎవరో ఒకరు చెప్పాలి.

నువ్వంటే ఇష్టమే, ఎప్పటికీ.

నీ తమ్ముడు


జూన్ 29, శనివారం

తమ్ముడూ,

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మరదలు రెండింటికి వచ్చింది. కుర్చీ చూపించాను. “గుమ్మంలో కూర్చోడానికి ఆరు గంటలు బస్సులో కుదుపులు తినలేదు వదినా” అని చెప్పులు విప్పి నేరుగా వెనక గదిలోకి వెళ్ళింది. తలుపు వేసుకున్నారు. నేను వీధి మెట్ల మీద కూర్చున్నాను. మన ఇంటి ముందు మెట్లు ఎన్నో ఈ రోజే చూశాను.

గంట తరవాత పిలిచారు. అప్పటికి బాబాయి కూడా వచ్చాడు.

జనవరి ఉత్తరం సంగతి చెల్లికి ఈ రోజే తెలిసింది. ఏడవలేదు. “వాడు నన్ను మర్చిపోయాడనుకున్నానక్కా” అంది, అంతే. అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆ ఉత్తరం అట్టల పెట్టెలో అడుగున ఉంది. తీసి దాని చేతికిచ్చాను.

పత్రం మరదలే నీ పద్ధతిలో కూడింది. పాటలో ఆవిడతో కలిసినవి అరవైలో పద్దెనిమిది. చెల్లి ఏడో బాపతట. కొత్త దారులు వెతుక్కునేవాళ్ళు, కట్టేస్తే భయపడేవాళ్ళు. “మా వదిన ఏడో బాపతు, పదేళ్ళ నుంచి అట్టలు కోస్తోంది, గుర్రాన్ని తీసుకెళ్ళి గానుగకి కట్టినట్టుంది” అని మరదలు అంటే చెల్లి నవ్వింది. ఆ నవ్వు నాకు కొత్తగా వినిపించింది.

నలభై ఒకటి ఖాళీగా లేదు. అవును, తెలుసు అని టిక్కు పెట్టింది.

“ఏం తెలుసు?” అని అడిగాను.

“అమ్మ పోయినప్పటి నుంచీ పొద్దున్నే పాలకి వెళ్ళి వచ్చేసరికి నువ్వు పాడుతూ ఉంటావు” అంది. “అయిపోయేదాకా బయట నిలబడతాను. ఆ మంగళవారం వర్షం పడేట్టుందని మధ్యలో వచ్చేశాను. నువ్వు వెనక గది వైపు తిరిగి, ఇదెక్కడ నేర్చావే అని అడుగుతున్నావు.”

బాబాయి తల ఊపాడు. “నీ పెదాలేనమ్మా” అన్నాడు. “మొన్న నేను చూసినవి ఐదు చరణాలు.”

“పదకొండు” అంది చెల్లి.

నాకు మూడే తెలుసు. మిగతావి ఏమిటని అడిగాను. చెల్లి చెప్పనంది. నన్ను చూసి భయపడి కాదు, నా మీద దయతో చెప్పలేదు. దాని ముఖం చూస్తే తెలిసింది. “ఆఖరి దాంట్లో రెండో ఆవిడ ఏమవుతుందో ఉంది. అది విన్న రోజు నుంచీ నా సంచీ సర్దే ఉంది” అంది. ఆ చరణం అది విన్నది పోయిన చలికాలంలో. ఈ ఆర్నెల్లూ దాని చేతి తిండి నేను తిన్నాను, నా చేతి తిండి అది తింది.

ఒకరికి చెడు తలపెట్టానని నాకు గుర్తులేదు తమ్ముడూ. అది చల్లగా ఉండాలని రోజూ ప్రార్థించాను. ఎక్కడ ఉండాలో కూడా నేనే దేవుడికి చెప్పాను.

మరదలు లైబ్రరీ కాగితం బల్లమీద పెట్టింది. చెల్లి కలం తీసుకుని నా వైపు చూసింది. అలవాటు. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. కలం చప్పుడు విన్నాను. పెద్ద సంతకమే పెట్టింది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి నలుగురం కూర్చుని అనుకున్నవి ఇవి. చెల్లి రేపు పొద్దున ఎనిమిదింటి బస్సుకి మరదలితో వస్తుంది. మూడు నెలల దాకా నేను దానికి ఉత్తరం రాయకూడదు. రాయాలనిపిస్తే అదే రాస్తుంది. బాబాయి రోజూ పొద్దున్నే వచ్చి నా ఎదురుగా కూర్చుంటాడు, నా పెదాలు కదిలితే చెయ్యి ఎత్తుతాడు. నేను ఒప్పుకున్నాను.

బస్సు దాకా నేను రావాలా వద్దా అన్న దగ్గర చాలాసేపు పట్టింది. మరదలు వద్దంది. బాబాయి తేల్చలేకపోయాడు. చెల్లి రమ్మంది. చివరికి, రావచ్చు, కానీ దాని సంచీ గానీ, నీళ్ళ సీసా గానీ, ఏదీ నేను మొయ్యకూడదు, ఏదీ సర్దకూడదు, ఉట్టి చేతులతో రావాలి అని తేలింది.

అక్క